ఉగాది వేదిక పక్కన ఒక బల్ల వేయండి: బెంగళూరు తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

బెంగళూరు నగరంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నేను హిందూపురంలో పుట్టి పెరిగి, 1989లో ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, హోసూరు రోడ్డు పక్కన ఒక గార్మెంట్స్ కర్మాగారంలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి, 2022లో పదవీ విరమణ చేసినదాన్ని. మీరు జరిపే ఉగాది కవిసమ్మేళనాలకు, సంక్రాంతి ముగ్గుల పోటీలకు, కార్తిక వనభోజనాలకు పిల్లలను వెంటబెట్టుకుని ఎన్నోసార్లు వచ్చాను. ఊరు కాని ఊరిలో మన భాష నాలుగు నోళ్లలో వినిపించే చోటు ఒకటి ఉండటం ఎంత ధైర్యమో నాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆ చనువుతోనే ఇప్పుడు మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. నెలకు ఒక ఆదివారం ఉదయం మీ సమావేశ మందిరంలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటరు పెట్టించి, మన తెలుగు శ్రామికుల పీఎఫ్ (భవిష్య నిధి) పాస్‌బుక్కు, పెన్షను వివరాలు తెలుగులో చదివి చెప్పే ఏర్పాటు చేయండి.

ఇది ఎందుకు అవసరమో వివరించే ముందు నేను నా ఉద్యోగంలో చేసిన పని ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

మా విభాగంలో నా బల్ల కుడివైపు సొరుగులో ఎప్పుడూ రెండు కాగితాల కట్టలు ఉండేవి. ఒకటి ఫారం 19, భవిష్య నిధి మొత్తం తీసుకోవడానికి. రెండోది ఫారం 10సి, పెన్షను ఖాతాకు సంబంధించినది. పని మానేసిన టైలర్లు రెండు నెలల గడువు పూర్తికాగానే గేటు దగ్గరికి వచ్చేవారు. నేను రెండు ఫారాలూ కలిపి నింపేదాన్ని, సంతకం రానివారి బొటనవేలు స్టాంపు ప్యాడు మీద అద్దించి ముద్ర వేయించేదాన్ని. “అక్కా, మొత్తం ఎంత వస్తుంది?” అని అడిగితే లెక్క వేసి చెప్పేదాన్ని. రెండో ఫారం వల్ల ఏమి పోతుందో మాత్రం ఏనాడూ చెప్పలేదు. అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరుకునే వీలుందని, అది తీసుకుంటే ఇక్కడ చేసిన సర్వీసు తర్వాతి ఉద్యోగంలో చేసిన సర్వీసుతో కలుస్తుందని నాకు తెలుసు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. పై అధికారులకు కాగితం త్వరగా కదిలితే చాలు, వచ్చినవారికి చేతికి డబ్బు అందితే చాలు, మధ్యలో నేను నోరు విప్పవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. అలా ఎన్ని వందల ఫారాలు నా చేతిరాతతో వెళ్లాయో ఇప్పుడు తలచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టదు.

ఆ ఫారం విలువ ఎంతో తెలియాలంటే పెన్షను లెక్క ఎలా నడుస్తుందో చూడాలి. ఉద్యోగి జీతం నుంచి 12 శాతం కోస్తారు, యజమాని మరో 12 శాతం వేస్తాడు. యజమాని వేసే దానిలో 8.33 శాతం భవిష్య నిధిలోకి రాదు. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షను పథకానికి వెళుతుంది. ఈ లెక్కకు 2014 సెప్టెంబరు నుంచి జీతం పరిమితి 15,000 రూపాయలు, అందుచేత ఎక్కువమందికి నెలకు 1,250 రూపాయలకు మించి పెన్షను ఖాతాకు జమ కాదు. భవిష్య నిధిలో ఉన్న సొమ్ముకు ఏటా వడ్డీ పడుతుంది. పాస్‌బుక్కులో ఆ అంకె పెరగడం మన కంటికి కనిపిస్తుంది. పెన్షను గడిలో ఉన్న సొమ్ముకు వడ్డీ పడదు. అది చూసి చాలామంది ఆ డబ్బు ఊరికే పడి ఉందని, తీసేసుకోవడమే మేలని అనుకుంటారు. నిజానికి ఆ గడిలో కూడుతున్నవి ఏళ్లు. చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే నెలవారీ పెన్షను వస్తుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు గనుక తొమ్మిదిన్నరేళ్లున్నా పదిగా చూస్తారు. యాభై ఎనిమిదేళ్లకు పూర్తి పెన్షను. యాభై నిండాక ముందే తీసుకోవచ్చు గానీ, ముందు జరిగిన ప్రతి ఏడాదికీ 4 శాతం తగ్గుతుంది.

ఇప్పుడు ఒక టైలరు సంగతి తీసుకుందాం. ఆమె ఒక కర్మాగారంలో ఏడేళ్లు, మరోచోట అయిదేళ్లు, చివరగా ఇంకోచోట ఆరేళ్లు, మొత్తం పద్దెనిమిదేళ్లు కుట్టుమిషను మీద కూర్చుంది. చివరి సగటు జీతం 12,000 రూపాయలు. సర్వీసు అంతా కలిసి ఉంటే యాభై ఎనిమిదో ఏట నుంచి నెలకు 3,085 రూపాయలు బతికినంత కాలం వస్తుంది, ఆమె తర్వాత భర్తకు అందులో సగం వస్తుంది. కానీ మొదటి రెండుచోట్లా మానేసినప్పుడు నావంటి గుమాస్తా ఒకరు 10సి నింపి డబ్బు ఇప్పించారు. మూడో చోట ఆరేళ్లే మిగిలాయి, పది కాలేదు, పెన్షను లేదు. ఆ ఫారంతో వచ్చే డబ్బు కూడా ఘనమైనదేమీ కాదు. ఎన్నేళ్లు పనిచేస్తే ఉజ్జాయింపుగా అన్ని నెలల జీతం అనుకోవచ్చు. తొమ్మిదేళ్లు చేసి తీసేసుకున్న మనిషికి వచ్చే మొత్తం, ఇంకో ఏడాది ఆగి పదేళ్లు పూర్తిచేసి ఉంటే వచ్చే పెన్షనులో దాదాపు అయిదున్నరేళ్ల భాగానికి సమానం. అరవై నాలుగు దాటి బతికే ప్రతి మనిషికీ అది నష్టమే.

2016 ఏప్రిల్‌లో బొమ్మనహళ్లి దగ్గర హోసూరు రోడ్డు మీద వేలమంది గార్మెంట్స్ మహిళలు బైఠాయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. యజమాని వాటా భవిష్య నిధిని యాభై ఎనిమిదేళ్ల వరకు తీసుకోకూడదని ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు మీద వచ్చిన ఆగ్రహం అది. నేను ఆ రోజు కర్మాగారం గేటు లోపల నిలబడి చూశాను. మా మిషన్ల మీద కూర్చునే మడకశిర, పెనుకొండ, పలమనేరు, కుప్పం ఆడపిల్లలు కన్నడ, తమిళ ఆడపిల్లల చేతులు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లారు. రెండో రోజుకల్లా, ఏప్రిల్ 19న, ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. వాళ్లు చేసినది న్యాయమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. జూన్ వస్తే బడి ఫీజు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు. వాళ్లకు వేరే ఆధారం లేదు, తమ డబ్బు తమకు అందుబాటులో ఉండాలని అడిగారు. అయితే అంతటి కదలికలో కూడా పెన్షను ఏళ్ల మాట ఎత్తినవారు మా గేటు దగ్గర ఒక్కరూ కనిపించలేదు. భవిష్య నిధి అవసరానికి తీసుకున్నా పెన్షను సర్వీసును తాకకుండా ఉంచుకోవచ్చని, ఈ రెండూ వేర్వేరు తలుపులని ఆ వేలమందిలో ఎందరికి తెలిసి ఉంటుంది? చెప్పవలసిన కుర్చీలో కూర్చున్నది నేనే.

2025 అక్టోబరులో భవిష్య నిధి సంస్థ ధర్మకర్తల మండలి, ఉద్యోగం పోయాక పెన్షను సొమ్ము తీసుకోవడానికి ఆగవలసిన గడువును రెండు నెలల నుంచి ముప్పై ఆరు నెలలకు పెంచాలని నిర్ణయించింది. ఏళ్లు కలిసి ఉండాలన్నదే దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే అయినా, ఎందుకో వివరించకుండా తలుపు మూస్తే 2016లో పుట్టిన భయమే మళ్లీ పుడుతుంది. మన భాషలో ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి కావాలని నేను పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం.

గార్మెంట్స్ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి దాని గురించే ఎక్కువ రాశాను. కాంట్రాక్టు కార్మికుల సంగతి ఇంతకంటే దారుణం. అదే గేటు, అదే చీపురు, అదే కాపలా కుర్చీ. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, కాంట్రాక్టరు మారితే పీఎఫ్ ఖాతా మారుతుంది. పాత కాంట్రాక్టరు మానిన తేదీ ఎక్కించకుండా వెళ్లిపోతాడు, కొత్తవాడు పాత యూఏఎన్ (ఉద్యోగాలు మారినా ఒకటే ఉండవలసిన పీఎఫ్ సభ్యత్వ నంబరు) అడగకుండా కొత్తది తీయిస్తాడు. ఒకే మనిషికి మూడు యూఏఎన్‌లు ఉండటం నేను చూశాను. మానిన తేదీ యజమాని ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్‌లో ఎక్కించుకునే వీలు 2020 నుంచి ఉంది. పాత ఖాతాను కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవడం కూడా ఫోనులోనే జరుగుతుంది. ఈ రెండు పనులు తెలిసిన యువకుడు ఒకరు పక్కన కూర్చుంటే పావుగంట పని. తెలియనివాడు సైబర్ సెంటర్ ఏజెంటు దగ్గరికి వెళితే, ఆ ఏజెంటుకు కమీషను వచ్చేది డబ్బు తీసినప్పుడే గనుక అతను బదిలీ మాట ఎత్తడు, తీసేయమనే చెబుతాడు.

ఇక మన పేర్ల సంగతి. ఇది అచ్చంగా తెలుగువారి కష్టం, అందుకే తెలుగు సంఘాలకే రాస్తున్నాను. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి పద్ధతిలో పొడి అక్షరం చివర వస్తుంది. ఊరిలో రేషను కార్డులో లక్ష్మీదేవమ్మ, ఆధార్‌లో లక్ష్మీదేవి, పీఎఫ్‌లో లక్ష్మి పక్కన ఒక పొడి అక్షరం. ‘క్ష్మి’ని ఇంగ్లీషులో ఒకరు కె-ఎస్-హెచ్ అని రాస్తారు, మరొకరు ఎక్స్ అని రాస్తారు. పెళ్లికి ముందు పుట్టింటి పేరుతో ఉద్యోగంలో చేరిన పిల్ల ఆధార్‌లో అత్తింటి పేరు ఎక్కించుకుంటుంది. పుట్టిన తేదీ బడి కాగితంలో జూన్ 1, ఆధార్‌లో జనవరి 1, అసలు పుట్టింది ఏ శ్రావణమాసంలోనో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మనుషుల మధ్య ఇవన్నీ ఒకే మనిషి. కంప్యూటరు ముందు ముగ్గురు మనుషులు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మా వీధి చివర అద్దెకున్న యాభై ఏడేళ్ల ఆమె, మడకశిర దగ్గరి మనిషి, బట్టల దుకాణం సంచి ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సంచిలో పాతికేళ్ల జీతం చీటీలు, రబ్బరు బ్యాండు తెగిపోయి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. కొన్నిటి మీద సిరా వెలిసిపోయి అంకెలు కనబడక, దీపం కింద పట్టి చూడవలసి వచ్చింది. ఆమె ఒక్క ఖాతా కూడా తీయలేదు, ఒక్క 10సి కూడా ఇవ్వలేదు. తనకు తెలియకుండానే సరైన పని చేసింది. అయినా రెండు కర్మాగారాల మధ్య పేరులో ఒక్క అక్షరం, తండ్రి పేరు ఉండవలసిన చోట భర్త పేరు, ఈ రెండు తేడాల వల్ల మొదటి పదకొండేళ్లు రెండో ఖాతాకు కలవలేదు. మొదటి కర్మాగారం ఎప్పుడో మూతపడింది. దిద్దుబాటు కాగితం మీద సంతకం పెట్టవలసిన యజమాని లేడు. ఆ పని పూర్తయ్యేసరికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆ పద్నాలుగు నెలల్లో ఆమె ఎనిమిదిసార్లు కూలి పోగొట్టుకుని కాగితాలు పట్టుకుని తిరిగింది. ఆమె నా దగ్గరికి నలభై ఏడో ఏట వచ్చి ఉంటే, ఆ కర్మాగారం తలుపులు ఇంకా తెరిచే ఉండేవి.

అందుకే నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది: పదవీ విరమణ కాగితాలు యాభై ఏడో ఏట కాదు, నలభై ఏడో ఏట చూసుకోవాలి. 2017 అక్టోబరు తర్వాత ఆధార్‌తో తీసిన యూఏఎన్ అయితే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు వంటివి యజమాని సంతకం లేకుండానే సభ్యులు స్వయంగా దిద్దుకునే సౌకర్యం 2025 జనవరిలో వచ్చింది. అంతకుముందు తీసినవారికి యజమాని ఆమోదం కావాలి. మన మధ్య యాభైకి దగ్గరపడినవారిలో చాలామంది ఈ రెండో కోవలోనే ఉన్నారు.

నామినేషను గురించి కూడా రెండు మాటలు. ఉద్యోగంలో చేరిన రోజు అన్న పేరో, నాన్న పేరో రాసి, పెళ్లయ్యాక మార్చని కాగితాలు లెక్కలేనన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు లేదా భర్తకు పెన్షను వస్తుంది, ఇద్దరు పిల్లలకు ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు వస్తుంది. పదేళ్ల నిబంధన ఇక్కడ వర్తించదు. పీఎఫ్‌తో పాటే నడిచే బీమా కింద కుటుంబానికి 7 లక్షల రూపాయల వరకు వచ్చే వీలుంది, దానికి ఉద్యోగి జీతం నుంచి ఒక్క రూపాయి కోయరు. మా వీధిలో ఒక సెక్యూరిటీ గార్డు పోయినప్పుడు ఆయన భార్య పదో రోజు తర్వాత ఊరికి వెళ్లిపోయింది, కాంట్రాక్టరు ఇచ్చిన పది వేలే దక్కేదంతా అనుకుంది. ఆమెకు బీమా ఉందని మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడిచింది. ఇలాంటి కుటుంబం మీ మందిరానికి తనంతట తాను రాదు. చావుకు వెళ్లిన మనవాళ్లు ఎవరో ఒకరు ఆ మాట చెవిన వేయాలి.

మీ సభ్యుల్లో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులని, ఇదంతా తమకు సంబంధించినది కాదని కొందరు అనుకోవచ్చు. 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి చేరి, పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 దాటి ఉన్నవారు పెన్షను పథకంలో సభ్యులే కారు. వారి పాస్‌బుక్కులో పెన్షను గడి సున్నాగా ఉండటం పొరపాటు కాదు. యజమాని వాటా మొత్తం భవిష్య నిధిలోకే పోతుంది. అంటే వృద్ధాప్యంలో నెలనెలా వచ్చే రాబడి వారికి ఈ పథకం నుంచి ఉండదు, తామే ఏర్పరచుకోవాలి. 2009 మే నుంచి అందరికీ తెరిచి ఉన్న జాతీయ పెన్షను పథకం ఎన్‌పీఎస్ ఉంది, 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చిన భవిష్య నిధే ఉంది. కానీ కంపెనీ మారిన ప్రతిసారీ ఫ్లాటు అడ్వాన్సుకని, కారుకని ఆ నిధి తీసేస్తూ పోతే నలభై అయిదేళ్ల వయసులో మిగిలేది చివరి కంపెనీలోని రెండేళ్ల సొమ్ము మాత్రమే. పెద్ద జీతం ఉన్న ఇంట్లో కూడా ఈ లెక్క చూసుకున్నవారు తక్కువని మా అపార్టుమెంటులోనే చూస్తున్నాను.

అదే అపార్టుమెంటులో మన ఇంట వంట చేసే అమ్మకు, కారు నడిపే అబ్బాయికి పీఎఫ్ ఉండదు. వారి కోసం అటల్ పెన్షన్ యోజన 2015 నుంచి ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో చేరితే నెలకు 210 రూపాయలు, నలభైలో చేరితే 1,454 రూపాయలు కట్టాలి. అరవై నుంచి నెలకు 5,000 పెన్షను, తర్వాత జీవిత భాగస్వామికి అంతే మొత్తం, ఆ తర్వాత నామినీకి నిల్వ సొమ్ము. ఆదాయపు పన్ను కట్టేవారు 2022 అక్టోబరు నుంచి కొత్తగా చేరడానికి వీల్లేదు; మన ఇళ్లలో పనిచేసేవారికి ఆ అడ్డంకి ఉండదు. నలభై దాటితే మాత్రం తలుపు మూసుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల వంటమనిషి ఉన్న ప్రతి ఇల్లూ ఈ సంవత్సరమే బ్యాంకుకు తీసుకువెళ్లాలని, వీలైతే చందాలో సగం తామే భరించాలని నేను కోరుతున్నాను. భవన నిర్మాణంలో ఉన్న మన అనంతపురం, కర్నూలు కూలీలకు కర్ణాటక సంక్షేమ మండలి పెన్షను ఉంది. అందుకు అరవై లోపే నమోదు కావాలి, ఏడాదిలో తొంభై రోజులు పనిచేసిన రుజువు కావాలి. మేస్త్రీ సంతకం పెట్టడానికి వెనకాడతాడు. అక్కడ సంఘం పెద్దలు ఒకరు మాట్లాడితే పని జరుగుతుంది.

పిల్లల దగ్గర ఉండటానికి ఊరి నుంచి వచ్చిన పెద్దవారిని కూడా మరవకండి. 2025 జనవరి నుంచి ఈపీఎఫ్ పెన్షను దేశంలో ఏ బ్యాంకు ఏ శాఖ నుంచైనా తీసుకోవచ్చు. కడప కాగితాల కోసం కడపకే వెళ్లవలసిన పని తగ్గింది. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే పద్ధతి ఉంది. మిషను మీద ముప్పై ఏళ్లు గుడ్డ నెట్టిన వేళ్లకు ముద్ర పడదు, నా వేళ్లకూ సరిగా పడదు. నిరుడు మా మనవడు ఫోను పట్టుకుని, “అమ్మమ్మా, ఒక్కసారి కన్ను ఆర్పు” అన్నాడు. ఒక్క నిమిషంలో అయిపోయింది.

ఈ పెన్షను చాలా చిన్నదని నాకూ తెలుసు. 2014లో నిర్ణయించిన కనీస పెన్షను 1,000 రూపాయలు ఇప్పటికీ అలాగే ఉంది, కరువు భత్యం లేదు, ఈ ఏడాది వచ్చిన మూడు వేలే పదేళ్ల తర్వాత కూడా వస్తుంది. మా ఊళ్లో మా పెద్దమ్మకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇచ్చే పెన్షను 4,000. ఏళ్ల తరబడి చందా కట్టిన మనిషికి అంతకంటే తక్కువ రావడం అన్యాయం, దాన్ని పెంచమని అడిగే ప్రతి వినతిపత్రం మీద నేను సంతకం పెట్టాను, మీరూ పెట్టాలి. అయితే పెంచడం ఢిల్లీ చేతిలో ఉంది. ఉన్న ఏళ్లను పోగొట్టుకోకుండా చూడటం మన చేతిలో ఉంది. రేపు పెన్షను రెట్టింపు చేసినా, సర్వీసు లేని మనిషికి రెట్టింపు అయ్యేది ఏమీ ఉండదు.

ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇవ్వవలసిన గ్రాట్యుటీ సంగతి కూడా ఆ బల్ల దగ్గరే చెప్పవచ్చు. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన. చివరి జీతం 13,000 ఉండి పదేళ్లు చేసిన మనిషికి 75,000 రూపాయలు వస్తుంది. కనీసం అయిదేళ్లు పనిచేసి ఉండాలన్న నిబంధన మామూలు ఉద్యోగులకు అలాగే ఉంది, నిర్ణీతకాల ఒప్పందం మీద చేరినవారికి మాత్రం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల స్మృతి ప్రకారం ఏడాదికే అర్హత వస్తుంది. నాలుగున్నరేళ్ల దగ్గర ఇంటి గొడవ వల్ల పని మానేసిన ఆడపిల్లలను నేను చూశాను. ఇంకో ఆరు నెలలు ఆగమ్మా అని ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవారు.

ఇప్పుడు ఏర్పాటు గురించి. బల్ల దగ్గర కూర్చోవడానికి ఇద్దరు చాలు. ఒకరు నావంటి పాత ఉద్యోగి, కాగితం చదవగలవారు. మరొకరు ఫోను, పోర్టల్ తెలిసిన యువకుడు. ప్రభుత్వ రంగ కర్మాగారాల నుంచి, బ్యాంకుల నుంచి పదవీ విరమణ చేసిన తెలుగువారు మన నగరంలో ఎందరో ఉన్నారు, అడిగితే వస్తారు. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఓటీపీని, పాస్‌వర్డును బల్ల దగ్గరికి వచ్చినవారే తమ ఫోనులో తామే నొక్కాలి, మనం కాగితం మీద కూడా రాసుకోకూడదు. ఈ నియమం మొదటి రోజే గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించాలి. వచ్చినవారికి పనులన్నీ చేసిపెట్టవలసిన అవసరం లేదు. పాస్‌బుక్కు తెరిచి, సర్వీసు ఎన్నేళ్లు కలిసిందో, ఎక్కడ తెగిందో, పేరు, తేదీ, నామినీ సరిగా ఉన్నాయో లేదో చూసి, ఒక చీటీ మీద తెలుగులో రాసి ఇస్తే చాలు. కార్యాలయానికి ఎప్పుడు వెళ్లాలి, ఏ కాగితం తీసుకువెళ్లాలి అన్నది ఆ చీటీలోనే ఉంటుంది. నేను ఇప్పటికే ఒక పేజీ నమూనా తయారుచేసి, మా వీధిలో ముప్పై నలభై మందికి వాడి చూశాను. దాన్ని మీ కార్యదర్శులలో ఎవరు అడిగినా పంపుతాను, నెలకు ఒక ఆదివారం నేనే వచ్చి కూర్చుంటాను.

మొదటి బల్ల ఉగాది రోజునే వేయమని నా మనవి. ఏప్రిల్‌లో టెండర్లు మారతాయి, కాంట్రాక్టు మనుషుల ఖాతాలు తెగేది అప్పుడే. మే నెల వచ్చేసరికి బడి ఫీజుల కోసం పీఎఫ్ తీయించే వరస మొదలవుతుంది. ఆ రెండింటికీ ముందు మన మందిరానికి అందరూ వచ్చే రోజు ఉగాది ఒక్కటే. పచ్చడి పంచే చోటికి పక్కనే మా బల్ల ఉండాలి, వేదిక వెనకో మేడ మీదో కాదు. యూఏఎన్ నంబరు, ఆధార్, ఆధార్‌కు జతపరిచిన నంబరు ఉన్న ఫోను, దొరికితే పాత జీతం చీటీలు వెంట తెచ్చుకోమని ఆహ్వాన పత్రికలో ఒక్క వాక్యం వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగిని,
బొమ్మనహళ్లి, బెంగళూరు